తెలియదు అన్న జవాబు

పోయిన వారం మహితను మనం వదిలిపెట్టిన చోటే ఆమె ఇంకా కూర్చుని ఉంది. తిరుపతి బైరాగిపట్టెడలో మందుల షాపు మీది మేడ, నాలుగు కంప్యూటర్లున్న చిన్న ఆఫీసు, కిటికీ పక్క కుర్చీ. అక్కడికి వంద కిలోమీటర్ల అవతల, బంగారుపాళ్యం హైవే పక్కన, గోవిందస్వామి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ మండుతోంది. ఆ బాయిలర్‌లో నీళ్లు తగ్గితే పంపు నడిపి, చాలినంత చేరగానే ఆపే ప్రోగ్రాము ఈ ఆఫీసులో రాసిందే. అక్కడి అంకెలు పావుగంటకొకసారి ఫోను లైను మీద ఇక్కడికి వస్తాయి. జూన్ మూడో శనివారం పొద్దున పదీ నలభైకి వచ్చిన అంకెల్లో నీటిమట్టం అరవై మూడు దగ్గర ఆగిపోయి ఉంది.

పదీ అయిదు నుంచి అంతే. పది సెకన్లకొక అంకె, ప్రతిదీ అరవై మూడు.

మరిగే నీళ్లు అట్లా ఉండవు. మహిత నిన్నటి అంకెలు తీసి పక్కన పెట్టుకుని చూసింది. అరవై ఒకటి, అరవై నాలుగు, అరవై రెండు, మళ్లీ అరవై నాలుగు. ఎప్పుడూ కాస్త పైకీ కిందికీ ఊగుతూనే ఉంది. ఈ పొద్దు మాత్రం ఎవరో మేకు కొట్టి బిగించినట్టు ఒకే చోట ఉంది. అంటే మట్టం కొలిచే సెన్సర్ నుంచి జవాబు రావడం లేదు. జవాబు రాకపోతే ఫ్యాక్టరీలోని తెర మీద ఎర్రటి అక్షరాలు రావాలి, బాయిలర్ షెడ్డులో సైరన్ మోగాలి. అవేవీ జరగకుండా అరవై మూడు ఎక్కడి నుంచి వస్తోంది?

మహిత ఆ ఫ్యాక్టరీకి రెండుసార్లు వెళ్లి వచ్చింది కాబట్టి అన్నీ కళ్ల ముందు కనిపిస్తున్నాయి. లారీ అంత బాయిలర్, దాని ముందు వేరుశనగ పొట్టు ఎగదోసే ఏబెల్, పక్కన ఒక్క ఇటుక గోడ. గోడకు అవతల కోత షెడ్డు. సీజనులో ఎనభై మంది ఆడవాళ్లు వరసలుగా కూర్చుని తోతాపురి కాయలు చెక్కుతుంటారు. ఏబెల్ భార్య కృపామణి ఆ వరసల మేస్త్రీ. నీళ్ల మట్టాన్ని కంటితో చూసుకోవడానికి బాయిలర్‌కు ఒక గాజుగొట్టం ఉండేది. అది పగిలి పదకొండు రోజులైంది, కొత్తది మద్రాసు నుంచి రావాలి. నీళ్లు తగ్గితే మోగే పాత గంట ఒకటుండేది, కంప్యూటర్ పెట్టినాక ఇంకెందుకని దాని తీగ పీకేశారు. కాబట్టి బాయిలర్‌లో ఎన్ని నీళ్లున్నాయో ఏబెల్‌కు చెప్పేది ఇప్పుడు ఆ తెర ఒక్కటే.

తెర అరవై మూడు అంటోంది. అరవై మూడు ఉన్నంతసేపూ పంపు నడవదు.

మహిత కోడ్ తెరిచింది.

యోగానంద ఈ కంపెనీ పెట్టినప్పుడు అందరూ వాడే ప్రోగ్రామింగ్ భాషలు వద్దనుకుని ‘ఫంక్షనల్’ అనే తరహా భాషను ఎంచుకున్నాడు. దానికి ఆయన చెప్పే కారణం ఒక్కటే. మామూలు ప్రోగ్రాముల్లో తప్పు జరిగితే అది ఎక్కడో మధ్యలో ఎగిరిపడుతుంది. దాన్ని ఎవరు పట్టుకుంటారో, అసలు పట్టుకుంటారో లేదో రాసినవాడికే తెలియదు. ఈ భాషలో ఆ వీలు తక్కువ. సెన్సర్‌ను అడిగే ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఆ పని చేసే ముక్క, రెండింట్లో ఒకటి తెచ్చి ఇస్తుంది: అంకె, లేకపోతే అంకె ఎందుకు రాలేదో కారణం. దాన్ని తీసుకునేవాళ్లు రెండింటికీ ఏం చెయ్యాలో రాసి తీరాలి. రాయకపోతే, రాసినదాన్ని సరిచూసి యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ముందుకు పోనివ్వదు. కొత్తగా చేరిన ఎవరికైనా యోగానంద మొదటి రోజే చెప్పేవాడు, ‘తప్పు వస్తే రానీండి, దాన్ని మింగేసే పని మాత్రం చెయ్యొద్దండి’ అని.

అయితే ఏం రాయాలన్నది కంపైలర్ చెప్పదు. ఏదో ఒకటి రాస్తే దానికి చాలు.

నీటిమట్టం చదివే ఫంక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఒక వరుస కనిపించింది. కారణం వస్తే దాన్ని పక్కన పెట్టి, ఇంతకు ముందు వచ్చిన అంకెనే ఇవ్వు. అంతే, ఒక్క వరుస. తీగ తెగినా, సెన్సర్ కాలిపోయినా, ఆఖరుసారి బాగున్నప్పుడు వచ్చిన అంకె అట్లాగే వస్తూ ఉంటుంది.

ఇది రఘునాథ్ పని అనుకుంది మహిత. రఘునాథ్ ఆమెతోపాటు చేరినవాడు, మంచివాడే గానీ పని తొందరగా తెమలాలంటాడు. నిన్న మధ్యాహ్నం బస్సుకే బంగారుపాళ్యం వెళ్లాడు, డబ్బాలు నింపే చోట ఇంకో తెర బిగించడానికి. వాడు వచ్చినాక అడగాల్సిన మాటలన్నీ ఒక్క క్షణంలో ఆమె నోట్లోకి వచ్చాయి. ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో చూపించే రికార్డు తెరిచింది.

పదహారు మే రెండువేల ఆరు. మహిత.

ఆమె తెర నుంచి కళ్లు తిప్పుకుని కిటికీలోంచి కిందికి చూసింది. మందుల షాపు ముందు ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక కిక్కు కొడుతూనే ఉన్నాడు. మళ్లీ తెర చూసింది. పేరు మారలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మర్చిపోయిందని కాదు, గుర్తు పెట్టుకోవలసిన పనిగా అనుకోలేదు. అది ఫ్యాక్టరీలో ట్రయల్ నడిచిన వారం. సెన్సర్ తీగ అదురుకు వదులై, అయిదు నిమిషాలకొకసారి సైరన్ మోగేది. మోగినప్పుడల్లా కోత షెడ్డులో ఆడవాళ్లు కత్తులు పక్కన పెట్టి లేచేవాళ్లు, కాసేపటికి లేవడం మానేసి నవ్వుకునేవాళ్లు. గోవిందస్వామి ఆ పూట ఏడుసార్లు ఫోను చేశాడు. చివరిసారి, ‘ఏమ్మా, ఈ గోల నువ్వు ఆపుతావా, నన్ను పీకి పారెయ్యమంటావా’ అన్నాడు. యోగానంద తిరుమల కొండ మీద బంధువుల పెళ్లిలో ఉన్నాడు, ఆయన ఫోను కలవలేదు. ఆమె ఆ ఒక్క వరుస రాసింది. కంపైలర్ ఒక్క మాట అనకుండా ఒప్పుకుంది. సైరన్ ఆగింది. మరుసటి రోజు రఘునాథ్ తీగ బిగించి వచ్చాడు. యోగానంద కొండ దిగి వచ్చాక ఆమె చెప్పిన మాటలు రెండు: తీగ బిగించారు సార్, సైరన్ ఆగింది సార్. రెండూ నిజమే.

ఆ వరుస సంగతి చెప్పలేదు. తీసేద్దామనుకుంది. ఆ తర్వాత ఇంకో పని వచ్చింది.

టైము పదీ నలభై నాలుగు.

మహిత లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. ముందు దాన్ని సరిచెయ్యాలి. ఆలోచన అంతవరకే పోయింది. ఆ వరుస చెరిపేసి కొత్తది రాసింది. కారణం వస్తే, నీళ్లు లేవనుకో. అంతకంటే చెడ్డది ఏముంటుంది? నీళ్లు లేవనుకుంటే మిగతా ప్రోగ్రాము తన పని తాను చేసుకుంటుంది. తెర మీద ‘నీళ్లు తక్కువ’ అని ఎర్రగా వస్తుంది, సైరన్ మోగుతుంది, అయిదు సెకన్ల తర్వాత పంపు నడుస్తుంది. పరీక్షలన్నీ నడిపి చూసింది. అన్నీ తప్పు లేనట్టు పచ్చగా వచ్చాయి. ఊపిరి కాస్త ఆడింది.

రఘునాథ్‌కు ఫోను కలిపింది. రెండోసారికి కలిసింది.

“ఏం మహితా, శనివారం కూడా వదలవా?”

“ఒక చిన్న మార్పు ఉండాది. లైను మీద పంపిస్తా ఉండా. రాంగానే ఎక్కించెయ్.”

“చిన్నదైతే సాయంత్రం ఎక్కిస్తా.”

“ఇప్పుడే ఎక్కించు రఘూ.”

“సరే సరే. ఈ లైను తెలుసు కదా, దిగేదానికి అయిదు నిమిషాలు పడతాది. దిగంగానే ఎక్కిస్తా.”

ఎందుకో అతడు అడగలేదు. ఆమె చెప్పలేదు. చెబితే ఆ పేరు కూడా చెప్పాలి. అయిదు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది, ఆ పైన చెప్పవచ్చు, లేకపోతే చెప్పే అవసరమే రాకపోవచ్చు. ఫోను పెట్టేశాక కూడా ఆ చివరి మాట దగ్గరే ఆమె మనసు తచ్చాడుతూ ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. యోగానంద లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎడమ మోచేతి నుంచి మణికట్టు దాకా పాత కాలిన మచ్చ. ఆ మచ్చ సంగతి ఆఫీసులో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కంప్యూటర్ల వైపు రాకముందు ఒక చక్కెర ఫ్యాక్టరీలో మీటర్లు చూసే ఉద్యోగం చేశాడని మాత్రం అందరికీ తెలుసు. భుజం మీది సంచి బల్ల మీద పెట్టబోతూ మహిత ముఖం చూసి ఆగాడు.

“ఏమైందమ్మా?”

ఏం లేదు సార్ అనడానికి ఆమె నోరు తెరిచింది.

“బంగారుపాళ్యం సెన్సర్ జవాబు ఇవ్వడం లేదు సార్. పదీ అయిదు నుంచి.”

“సైరన్ మోగింటాదే.”

“మోగలేదు సార్. తెర మీద అరవై మూడే వస్తా ఉండాది.”

యోగానంద సంచి చేతిలోనే పట్టుకుని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. “అదెట్ల? జవాబు రాకపోతే కారణం రావాల కదా. కారణాన్ని ఎవరు మింగినారు?”

మహిత రికార్డు తెరిచి, తన పేరున్న చోట వేలు పెట్టింది. ఆయన వంగి చదివాడు. ఆయన ఊపిరి ఆమె చెవి పక్కన వినిపించింది. తిట్టుంటే బాగుండేది. ఆయన తిట్టలేదు.

“మే పదహారు,” అన్నాడు. “నేను కొండ మీద ఉన్నప్పుడు.”

“అవును సార్. మీరు వచ్చినాక చెప్పలేదు.”

“నేనూ చదవలేదు. నువ్వు రాసింది గదా అని చూడకుండా ఒప్పుకున్నా.” ఆయన గోడ గడియారం వైపు చూశాడు. “పదీ అయిదు అంటే నలభై మూడు నిమిషాలు. గాజుగొట్టం?”

“పగిలిపోయింది సార్. ఇంకా వెయ్యలేదు.”

ఆయన సంచి కింద పెట్టాడు. పెట్టడంలో సంచి పక్కకు ఒరిగి, లోపలి కాగితాలు జారినా చూసుకోలేదు. “ఏబెల్‌కు ఫోను చెయ్. మంట ఆపమను.”

“నేను సరిచేసేసినా సార్,” అంది మహిత. ఆ మాట చెప్పగలిగినందుకు ఆమె గొంతులోకి కాస్త బలం వచ్చింది. “కొత్తది రఘునాథ్‌కు పంపించినా. ఈ పాటికి దిగుతా ఉంటాది. ఎక్కించంగానే పంపు నడుస్తాది.”

యోగానంద తల తిప్పి ఆమెను చూశాడు. “పంపు ఎందుకు నడుస్తాది?”

“కారణం వస్తే నీళ్లు లేవనుకోమని రాసినా సార్. తెలియనప్పుడు చెడ్డదే అనుకోవడం మంచిది కదా.”

ఆయన పక్క కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“మహితా, నీళ్లు లేని బాయిలర్‌లో ఇప్పుడు ఏముండాది?”

“ఆవిరి.”

“ఇనుము. ఎర్రగా కాలిన ఇనుము. మంట తగిలే గొట్టాల మీద నీళ్లు ఉన్నంతవరకే అవి గొట్టాలు. నీళ్లు దిగిపోయి అవి కాలినాక, వాటి మీద చల్లనీళ్లు పడితే ఆ నీళ్లంతా ఒక్కసారిగా ఆవిరైపోతాది. బాయిలర్ తట్టుకోదు.” ఆయన కాలిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. “మా చక్కెర ఫ్యాక్టరీలో పంపు ఏసింది నా స్నేహితుడే. మంచి పని చేస్తా ఉండాననుకున్నాడు.”

మహిత ఇంతసేపూ పాత వరుస ఒక్కటే తప్పనుకుంది. పాత వరుస నీళ్లను తగ్గనిచ్చింది. కొత్త వరుస ఇప్పుడు ఫోను లైను మీద కొంచెం కొంచెంగా బంగారుపాళ్యం చేరుతోంది, దాన్ని పంపింది తనే.

“తెలియదు అంటే తెలియదనే, అమ్మా,” అన్నాడు యోగానంద. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. “మొదటిసారి దాన్ని ‘అంతా బాగుంది’ చేసినావు. రెండోసారి ‘నీళ్లు లేవు’ చేసినావు. తెలియనప్పుడు మంట ఆపి, మనిషిని పిలిచి చూడమనాల. రఘునాథ్‌కు ఫోను కొట్టు.”

ఆమె నొక్కింది. ‘మీరు పిలుస్తున్న చందాదారుడు అందుబాటులో లేరు.’ మళ్లీ నొక్కింది. అదే మాట. ఫ్యాక్టరీ ఆఫీసు నంబరు తిప్పింది. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. మూడోసారికి గానీ అర్థం కాలేదు. ఆమె పంపిన ప్రోగ్రాము దిగుతున్నది ఆ లైను మీదే. అది దిగేదాకా ఎంగేజే వస్తుంది. రాకపోతే దిగిపోయినట్టు.

“గేటు నంబరు,” అన్నాడు యోగానంద. “గేటు ఫోను బాయిలర్ షెడ్డులో కూడా మోగుతాది.”

ఆయన వెనక గోడకు అంటించిన కాగితంలో నంబరు చూసి ఆమె తిప్పింది. ఒక అంకె తప్పు పడింది. మళ్లీ తిప్పింది. అటువైపు మోగింది, ఏడెనిమిదిసార్లు మోగింది. స్పీకరు నొక్కి రిసీవరు బల్ల మీద పెట్టింది.

“ఎవరూ?” నిప్పుల హోరు వెనక నుంచి ఏబెల్ గొంతు.

“ఏబెల్, నేను యోగానందను. జాగ్రత్తగా విను. బాయిలర్ దగ్గర ఏమన్నా వాసన వస్తా ఉండాదా?”

“మీకెట్ల తెలిసింది సార్? ఇందాకటి నుంచి పెయింటు కాలినట్టు కంపు. తెర సూస్తే నీళ్లు సరిగానే ఉండాయి. ఏందబ్బా ఇది అని నేనే అనుకుంటా ఉండా.”

“నీళ్లు సరిగా లేవు. తెర చెప్పేది అబద్ధం.”

ఏబెల్ పద్దెనిమిదేళ్లుగా బాయిలర్ల ముందు నిలబడ్డ మనిషి. ఆ మాటకు అర్థం ఆయన ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు.

“ఎంతసేపటి నుంచి సార్?”

“ముప్పావుగంట. పొట్టు ఎయ్యడం ఆపు, ఫ్యాను ఆపు. నీళ్లు మాత్రం ఒక్క చుక్క లోపలికి పోకూడదు. పంపు స్విచ్చి యాడుండాది?”

“పంపు షెడ్డులో. కోత షెడ్డు దాటుకోని పోవాల, నూరడుగులు ఉంటాది. అయినా పంపు ఆగే ఉండాది గదా సార్, నేనెందుకు ఏస్తా?”

యోగానంద మహిత వైపు చూశాడు. ఇది ఆమె చెప్పాల్సిన మాట.

“ఏబెల్, నేను మహితను.” ఆమె బల్ల అంచు పట్టుకుంది. “తెర అబద్ధం చెప్పేట్టు రాసింది నేను. ఇప్పుడు ఇంకో ప్రోగ్రాము పంపించినా, అది కూడా తప్పే. రఘునాథ్ దాన్ని ఎక్కించంగానే పంపు దానంతటదే నడుస్తాది. రెండు మూడు నిమిషాలే ఉండాది, ఇంకా తక్కువే ఉండొచ్చు. రఘునాథ్‌కు ఫోను కలవడం లేదు.”

“ఆ సంగతి తర్వాత చూద్దాం మేడమ్. ఇప్పుడు ముందు ఏం చెయ్యాలో చెప్పండి. స్విచ్చికి పోయేదా, ఆడోళ్లను లేపేదా? ఆడ మా కృపామణి ఉండాది సార్.”

మహిత యోగానంద వైపు తిరిగింది.

“స్విచ్చి,” అన్నాడు యోగానంద. “దోవలో అరుచుకుంటా పో. నిలబడొద్దు. మెయిన్ స్విచ్చి దించి ఫ్యూజు పెరికి జేబులో ఏసుకో. తర్వాత మంట లాగెయ్. ఫోను పెట్టెయ్యొద్దు, అట్లే వదిలెయ్.”

రిసీవరు ఏదో చెక్క మీద పడిన చప్పుడు. తర్వాత ఏబెల్ అరుపు, దూరమవుతూ. ‘లెయ్యండి, బయటికి పోండి, కృపామణీ, అందర్నీ రోడ్డు మీదికి పిలుచుకోని పో.’ ఆ తర్వాత ఆయన గొంతు వినిపించలేదు. నిప్పుల హోరు ఒక్కటే, స్పీకర్లోంచి ఆఫీసంతా నిండింది.

మహిత పక్కన ఇంకో ఫోను మీద ఫ్యాక్టరీ ఆఫీసు నంబరు తిప్పింది. ఈసారి ఎంగేజ్ రాలేదు. మోగుతోంది.

దిగిపోయింది.

ఎవరూ ఎత్తలేదు. రఘునాథ్ ఆ గదిలోనే, ఆ బల్ల ముందే, వీపు ఫోను వైపు తిప్పుకుని కూర్చుని ఉంటాడని ఆమెకు తెలుసు. పని చేస్తున్నప్పుడు అతడు ఫోను ఎత్తడు. ‘మొదలుపెట్టినది ముగించనీ’ అంటాడు. మోగుతూనే ఉంది.

స్పీకర్లో సైరన్ లేచింది.

సైరన్ మోగిందంటే కొత్త ప్రోగ్రాము నడుస్తున్నట్టు. సైరన్ తర్వాత అయిదు సెకన్లకు పంపు. ఆ అయిదును తనే రాసింది, షెడ్డులో మనుషులు సర్దుకోవడానికి. ఆమె పెదవులు వాటంతట అవే లెక్కపెట్టాయి. ఒకటి. రెండు. సైరన్ కింద ఆడవాళ్ల గొంతులు, బక్కెట్లు తన్నుకున్న చప్పుడు. మూడు. ఎవరో పేరు పెట్టి ఎవరినో పిలుస్తున్నారు. నాలుగు. యోగానంద చెయ్యి ఆమె భుజం మీద పడింది, లెక్క ఆపమన్నట్టు. అయిదు.

ఆరు. ఏడు. పది.

సైరన్ మోగుతూనే ఉంది. హోరు అట్లాగే ఉంది. పదిహేను వరకూ లెక్కపెట్టాక ఆమెకు ఊపిరి తీసుకోవాలని గుర్తొచ్చింది.

ఎవరో పరుగెత్తి వచ్చిన చప్పుడు. రిసీవరు ఎత్తారు. “ఎవరు లైన్లో?” రఘునాథ్.

“రఘూ, నేనే. ఏబెల్ యాడ?”

“మహితా, నువ్వు పంపించింది ఎక్కించినా. ‘నీళ్లు తక్కువ’ అని వచ్చింది, పంపుకు ఆర్డరు పోయింది, పంపు మాత్రం తిరగలేదు. సైరన్ విని ఈడికి వచ్చినా. ఏబెల్ అప్పుడే మెయిన్ దించి వచ్చి మంట లాగుతా ఉండాడు, నాతో మాట్లాడడం లేదు. ఉండు, నేను పోయి చేత్తో పంపు ఏసి వస్తా.”

“వద్దు.” ఇద్దరూ ఒకేసారి అన్నారు. తర్వాత మహితే చెప్పింది. మే పదహారు, సైరన్, ఆ వరుస, ఇవాళ రాసిన వరుస, చెప్పకుండా ‘చిన్న మార్పు’ అన్నది, అన్నీ. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఇంత చిన్న మాటను ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేకపోయిందో ఆమెకు అర్థం కాలేదు.

“ఇందాక చెప్పింటే నేను ఎక్కించేవాణ్నే కాదు,” అన్నాడు రఘునాథ్.

“తెలుసు.”

“ఆడోళ్లు?” యోగానంద అడిగాడు.

“అందరూ రోడ్డు మీదికి పోయినారు సార్. కృపామణి వరసల లెక్కన నిలబెట్టి ఎంచింది. ఎనభై రెండు మంది, అందరూ ఉండారంట. ఏబెల్ నిప్పులు సగం పైగా బయటికి లాగేసినాడు. ఈడ నిలబడేదానికి లేదు సార్, అంత వేడి.”

యోగానంద కుర్చీలో కూర్చున్నాడు. జేబు రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు, తర్వాత ఆ రుమాలును అట్లాగే ముఖానికి ఒత్తుకుని ఉండిపోయాడు. మహితకు ఏడుపు వచ్చింది, శబ్దం రాకుండా ఏడ్చింది. పెద్ద గండం తప్పింది. మిగతాది, ఉద్యోగం, పేరు, గోవిందస్వామి అనబోయే మాటలు, ఇప్పుడు ఏమంత భారంగా లేవు.

“రఘూ, ఇంక నువ్వు కూడా బయటికి పో,” అన్నాడు యోగానంద. “ఏబెల్‌కు చెప్పు, అది దానంతటదే చల్లారాల. రెండు రోజులైనా సరే, ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని.”

“సరే సార్.” అని రఘునాథ్ ఆగాడు. “సార్, ఒక్క నిమిషం. ఏందో చప్పుడు.”

వాళ్లకూ వినిపించింది. సైరన్ కింద, నిప్పుల హోరు కింద, లావుపాటి దగ్గులాంటి చప్పుడు. ఒకటి. తర్వాత ఇంకొకటి. ఆ పైన వరసగా.

“అదేంది?” అన్నాడు యోగానంద, లేచి నిలబడి.

“కరెంటు లేనప్పటికని వెనక పక్క డీజిల్ పంపు పెట్టుకున్నారు సార్, ఎప్పుడో గానీ వాడరు. ఎవరు...” రఘునాథ్ గొంతు పక్కకు తిరిగింది, ఎవరినో అరిచి అడిగాడు, జవాబు వాళ్లకు వినపడలేదు. తిరిగి వచ్చిన గొంతు వేరేగా ఉంది. “ఓనరు సార్. ఆయన గదిలో కూడా తెర ఉండాది కదా. ‘నీళ్లు తక్కువ’ అని ఎర్రగా వచ్చింది చూసి, కరెంటు పంపు తిరగడం లేదని, పనివాడు పెంచలయ్యను పంపించి డీజిల్ది ఏయించినాడంట. ఆపమని మనిషి పోయినాడు, అది వెనక గోడ కాడ, అంత దూరం.”

నీళ్లు తక్కువ. ఆ రెండు మాటలూ మహిత తన చేత్తో రాసినవి. తెలియదు అని రాసి ఉంటే గోవిందస్వామి ఏం చేసి ఉండేవాడో.

“డీజిల్ పంపు నీళ్లు యాడి నుంచి లోపలికి పోతాయి?” యోగానంద రిసీవరు చేతిలోకి తీసుకుని అడుగుతున్నాడు. “దానికి వాల్వు ఉండాల. యాడుండాది ఆ వాల్వు?”

“బాయిలర్ మీదే సార్, పక్కన, నిచ్చెన ఎక్కి తిప్పాల.” రఘునాథ్ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “ఏబెల్ విన్నాడు. పార కింద పడేసినాడు. తల మీద గోనెసంచి తడిపి కప్పుకుంటా ఉండాడు. సార్, ఆయన నిచ్చెన కాడికి పోతా ఉండాడు. ఏబెల్, వద్దప్పా, ఏబెల్...”

డీజిల్ ఇంజను దగ్గులు కలిసిపోయి ఒకే మోత అయింది. ఆ మోత మీద, చాలా దూరం నుంచి, ఒక ఆడమనిషి గొంతు ఏబెల్ పేరు పట్టుకుని పిలవడం వినిపించింది. రెండోసారి దగ్గరగా వినిపించింది. కృపామణి రోడ్డు మీద లేదు.

ఆ వెంటనే స్పీకరు మూగబోయింది. సైరన్ లేదు, హోరు లేదు. యోగానంద రిసీవరు చెవికి ఆనించుకుని విన్నాడు. డయల్ టోను కూడా లేదు.

(సశేషం)